వంటింట్లో పుట్టిన భయం

దెయ్యం కథ అంటే మన బాగేపల్లి, చింతామణి పల్లెల్లో ఊరవతల ఓ చింతచెట్టో, పాడుబడ్డ బావో ఉండాల్సిందే. అమెరికా రచయిత్రి షిర్లీ జాక్సన్ దగ్గర అవేవీ పెద్దగా కనబడవు. ఆమె కథల్లో భయపెట్టేది పక్కింటివాళ్లు, సొంత ఊరు, ఒక్కోసారి ఉంటున్న ఇల్లే.

1916 డిసెంబరు 14న శాన్‌ఫ్రాన్సిస్కోలో కలిగిన ఇంట్లో పుట్టారు. తల్లికి నాజూకైన ఆడపిల్ల కావాలి. ఈమేమో లావుగా, ఎప్పుడూ ఏదో రాసుకుంటూ ఉండేవారు. ఒంటి గురించి దెప్పడం ఆ తల్లి చివరిదాకా మానలేదు. కూతురు దేశమంతా పేరు తెచ్చుకున్నాక, 1962లో పత్రికలో ఫొటో పడితే, పుస్తకం సంగతి వదిలేసి మొహం ఎంత బాగాలేదో ఉత్తరం రాసింది.

సైరక్యూస్ యూనివర్సిటీలో చదివే రోజుల్లో కాలేజీ పత్రికలో ఆమె కథ చూసిన స్టాన్లీ హైమన్ అనే విద్యార్థి, మనిషిని చూడకముందే ఈ పిల్లనే చేసుకుంటానని తీర్మానించుకున్నాడట. 1940లో పెళ్లయింది. అతను యూదుడు కావడంతో రెండిళ్లలోనూ గొడవే. 1945లో వెర్మాంట్ రాష్ట్రంలోని నార్త్ బెనింగ్టన్ అనే చిన్న ఊరికి చేరారు. ఆయన కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. నలుగురు పిల్లలు, వంట, బట్టలు, వచ్చిపోయే అతిథులు అన్నీ ఈమె మీదే. కొన్నాళ్లకు సంపాదనలో మొగుణ్ని మించిపోయినా డబ్బు లెక్క మాత్రం ఆయన చేతిలోనే ఉండేది. పైగా ఆయన బయటి వ్యవహారాలు దాచుకునేవాడు కూడా కాదు. ఇది మనకేం కొత్త కథ కాదు లెండి.

1948లో ఒక ఉదయం చిన్నపిల్లను బండిలో తోసుకుంటూ, సరుకులు పట్టుకుని గుట్ట ఎక్కుతుంటే తట్టిన ఆలోచనతో ఇంటికెళ్లి రెండు గంటల్లోపే 'ది లాటరీ' రాశానని ఆమె చెప్పుకున్నారు. లాటరీ అంటే మనకు 2007లో కర్ణాటక సర్కారు నిషేధించే దాకా అమ్మిన టికెట్లు గుర్తొస్తాయి. ఇక్కడ సంగతి వేరు. ఏటా జూన్‌లో ఊరంతా ఒకచోట చేరి పాత నల్లపెట్టెలోంచి చీటీలు తీస్తారు. నల్లచుక్క వచ్చినవాళ్లను రాళ్లతో కొట్టి చంపుతారు. ఎందుకో ఎవరికీ గుర్తులేదు, పెద్దలు చేశారు కాబట్టి చేస్తున్నారు. అప్పటిదాకా కబుర్లు చెప్పిన స్నేహితురాలే పెద్దరాయి ఎత్తుతుంది. బలయ్యే ఆవిడ చిన్నకొడుకు చేతికి కూడా గులకరాళ్లు అందిస్తారు.

జూన్ 26 నాటి 'న్యూయార్కర్'లో కథ రాగానే ఆ వేసవిలో మూడొందలకు పైగా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువ భాగం తిట్లు. కన్నతల్లి కూడా బాగాలేదనే రాసింది. ఇంకొందరైతే ఈ లాటరీ ఎక్కడ జరుగుతుంది, వెళ్లి చూడొచ్చా అని అడిగారు. కథకంటే ఆ ఉత్తరాలే ఎక్కువ వణుకు పుట్టిస్తాయి. దక్షిణాఫ్రికా ప్రభుత్వం నిషేధిస్తే, వాళ్లకైనా అర్థమైందని ఆమె సంతోషించారట.

పిల్లల అల్లరి మీద సరదా పుస్తకాలు రాసిన చేత్తోనే 1959లో 'ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్' రాశారు. ఎక్కడా చోటు లేని ఒంటరి ఆడమనిషిని ఒక పాతబంగ్లా తనలోకి లాగేసుకునే నవల అది. దెయ్యం నిజంగా ఉందా, ఆమె మనసులోనే ఉందా అన్నది తేల్చరు. 1963లో సినిమాగా, 2018లో సీరియల్‌గా వచ్చింది. స్టీఫెన్ కింగ్ లాంటి వాళ్లు దీన్ని నెత్తిన పెట్టుకున్నారు.

1962లో వచ్చిన 'వీ హావ్ ఆల్వేస్ లివ్డ్ ఇన్ ద కాజిల్' నవల్లో ఊరు వెలేసిన అక్కాచెల్లెళ్లు ఇంట్లో తలుపులు బిగించుకుని బతుకుతారు. పుస్తకం అచ్చయ్యాక రచయిత్రికీ అదే గతి పట్టింది. గడప దాటాలంటే భయం. సిగరెట్లు, మందు, బరువు తగ్గే మాత్రలు, నిద్రమాత్రలు ఒంటిని గుల్లచేశాయి. వైద్యంతో మెల్లగా తేరుకుని మళ్లీ బయట తిరిగారు, కొత్త నవల మొదలెట్టారు. మొగుడు పోయాక ఇల్లమ్మేసి, కొత్తపేరుతో కొత్తూరికి పోయే ఆడమనిషి కథ. అది సగంలోనే ఉండగా 1965 ఆగస్టు 8 మధ్యాహ్నం పడుకున్న మనిషి లేవలేదు. గుండె ఆగింది. అప్పటికి 48 ఏళ్లు.

చాలా ఏళ్లకు వెర్మాంట్‌లోని ఒక కొట్టంలో దొరికిన ఆమె రాతప్రతుల పెట్టె పిల్లలకు చేరింది. అందులోని అచ్చుకాని కథలతో 1996లో ఒక సంపుటం వెలువడింది.