చూడని చెరువుల చేపలకు పేర్లు పెట్టిన వైద్యుడు

కరీంనగరు అంగడిలో నీళ్ల తొట్టెయందు ప్రాణముతో మెదలు కొర్రమట్టను ఎఱుగనివారు అరుదు. 2016లో తెలంగాణ రాష్ట్రమత్స్యముగా ప్రకటింపబడినది అదియే. దానికి చారలుగలది అను అర్థముతో స్ట్రయేటస్ అని 1793లో శాస్త్రనామము పెట్టినవాడు మానేరును గాని, గోదావరిని గాని, అసలు భారతదేశమునే గాని ఎన్నడును చూడలేదు. ఆతడు బెర్లిను నగరమున రోగులకు మందులిచ్చుచు జీవించిన వైద్యుడు. కేరళ రాష్ట్రమత్స్యమైన కరిమీనునకు 1790లో పేరు పెట్టినవాడును ఆతడే. ఆతని పేరు మార్కస్ ఎలియేజర్ బ్లోఖ్.

బ్లోఖ్ 1723లో జర్మనీయందలి అన్స్‌బాఖ్ పట్టణమున పేద యూదు కుటుంబమున జన్మించెను. ఇంట హీబ్రూ చదువు తప్ప మఱొక చదువు లేదు. పందొమ్మిదవ యేడు వచ్చువఱకు తాను పుట్టిన దేశపు భాషను చదువనేరడు. ఇక లాటిను మాట చెప్పనక్కఱలేదు. హాంబర్గులో ఒక శస్త్రవైద్యుని యింట పాఠములు చెప్పుటకు కుదిరిన యీ యువకుడు అచటనే విద్యార్థియై జర్మనును, లాటినును నేర్చుకొనెను. శరీరశాస్త్రమున రుచి కలిగినదియు అచటనే. ఆ కాలమున యూదులకు అనేక వృత్తుల తలుపులు మూసియుండెను. వైద్యము మాత్రము తెఱచియుండెను. బెర్లినులో చదివి, ఓడరు నదీతీరమందలి ఫ్రాంక్‌ఫర్టు విశ్వవిద్యాలయమున వైద్యపట్టము పొంది, బెర్లినులోనే స్థిరపడెను.

మత్స్యములపై ఆతని దృష్టి గట్టిగా నిలిచినది ఏబదియేండ్లు దాటిన పిమ్మటనే. 1782లో ఆతని మత్స్యగ్రంథము తొలి సంపుటము వెలువడెను. 1795 నాటికి పండ్రెండు సంపుటములు, 432 రంగుల పటములు పూర్తియయ్యెను. మొదట సొంతధనమే వెచ్చించెను. అది చాలకపోగా దాతల నాశ్రయించి, ఎవరి ధనముతో ఏ పటము అచ్చయ్యెనో వారి పేరు దాని అడుగుననే వేయించెను. బిడియపడి పని మానుకొనుటకంటె ఇది మేలైన పద్ధతి.

మన చేపలు ఆతనికి ఎట్లు చేరెను? తమిళదేశపు తీరమున తరంగంబాడి అప్పుడు డేనులదై యుండెను. అచటి మతబోధకుడు క్రిస్టఫ్ సామ్యూల్ జోను చేపలను సేకరించి ఓడలపై ఐరోపాకు పంపుచుండెడివాడు. ఆతని పేరనే బ్లోఖ్ ఒక సముద్రమత్స్య ప్రజాతికి జోనియస్ అని నామకరణము చేసి ఋణము తీర్చుకొనెను. కాని నెలల ప్రయాణము చేసి బెర్లిను చేరిన చేప యెట్లుండును? రంగు వెలిసి, కన్ను తెల్లబడి, నిశ్చలముగా నుండును. ముళ్లను లెక్కించుటకు, పొలుసులను కొలుచుటకు మాత్రము అది చాలును.

ఇక్కడనే బ్లోఖ్ పొరబడెను. 1795లో ఆతడు వర్ణించిన చిన్నచేప ఒకటి గలదు. బెత్తెడైనను ఉండదు, పసుపునారింజ వన్నెది, ప్రక్కన నల్లమచ్చ గలది. దానికి మచ్చగలదని అర్థమిచ్చు మాక్యులేటస్ అను పేరు పెట్టెను. దానిని, కరిమీనును కూడ సముద్రపు సీతాకోకచిలుక చేపలలో చేర్చెను. చదునైన గుండ్రని దేహమును చూచి అట్లు తలచుట సహజమే. 1830లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్యువియే వీనికై ఎట్రోప్లస్ అను వేఱు ప్రజాతిని ఏర్పఱచెను. ఇవి సిక్లిడ్ కుటుంబమునకు చెందినవి. ఈ కుటుంబము ఆఫ్రికా, అమెరికా ఖండములలో వందలకొలది జాతులుగా విస్తరించియుండగా, భారతదేశమున సహజముగా నున్నవి మూడే. వానిలో రెండింటికి పేరు పెట్టినవాడు బ్లోఖ్. నేడు మన జలాశయములందు కనబడు తిలాపియాయు సిక్లిడే; కాని అది 1952లో ఈ దేశమునకు తేబడిన ఆఫ్రికా చేప.

బ్లోఖ్ చూడలేనిదానిని నేడు కరీంనగరులోని విద్యార్థి యింట చూడవచ్చును. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంబావు ఎత్తు గల గాజుతొట్టె సుమారు నూఱు లీటర్ల నీరు పట్టును. మచ్చచేపల జంట యొకటి పెరుగుటకు అది చాలును. అడుగున కడిగిన యిసుక, చదునైన రాళ్లు రెండుమూడు, నీటిని వడకట్టు యంత్రము ఉండవలెను. బోరుబావి కఠినజలము వీనికి హానికాదు. కుళాయినీటిని మాత్రము క్లోరిను పోవుటకు ఒకదినము నిలువయుంచవలెను. తొందరపడి ఆనాడే చేపలను వదలరాదు. చేపల విసర్జనమునుండి పుట్టు అమ్మోనియా విషము. దానిని నైట్రైటుగాను, పిదప అంతగా హానిచేయని నైట్రేటుగాను మార్చు సూక్ష్మజీవులు కొత్త తొట్టెలో నెలకొనుటకు నాలుగైదు వారములు పట్టును. అంతవఱకు చేపలు లేకయే యంత్రమును నడపుచు, చిటికెడు చేపమేతను నీటిలో వేయుచుండవలెను; అది కుళ్లి ఆ జీవులకు ఆహారమగును. పిమ్మట వారమునకొకసారి నాల్గవవంతు నీరు మార్చిన చాలును. వేసవిలో ఎండ తగులనిచోట ఉంచవలెను. ఆదిలాబాదు చలికాలపు రాత్రులలో నీరు చల్లబడకుండ వేడియంత్రము అవసరము. ఇరువదియైదు డిగ్రీల వెచ్చదనము వీనికి హితము. చెరువునుండి తెచ్చిన కొర్రమట్ట పిల్లను జతచేసితిమా, అది కొన్నాళ్లకు వీనినే మ్రింగును.

జంట కుదిరినచో రాతిపై గ్రుడ్లు పెట్టును. తల్లిదండ్రులు ఇద్దఱును ఱెక్కలతో నీరు విసరుచు కాపుకాయుదురు. పిల్లలు ఈదసాగిన పిదప తల్లిదండ్రుల ప్రక్కలను తాకి, ఒంటిపై జిగురును కొఱికి తినును. ఈ ప్రవర్తనను వార్డు, బార్లో అను శాస్త్రజ్ఞులు 1967లో సవివరముగా ప్రకటించిరి. ముళ్ల లెక్కలో దొరకని సంగతి యిది.

బ్లోఖ్ 1799 ఆగస్టులో కార్ల్స్‌బాడ్ పట్టణమున మరణించెను. అసంపూర్ణముగా మిగిలిన తుదిగ్రంథమును ష్నైడరు అను పండితుడు పూర్తిచేసి 1801లో ప్రకటించెను. మన వాలుగచేప శాస్త్రమునకెక్కినది ఆ గ్రంథముననే. ఆతడు కూర్చిన చేపలలో సుమారు ఎనిమిదివందలు, ఎండినవి కొన్ని, సారాయి సీసాలలోనివి కొన్ని, బెర్లిను ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలయందు నేటికిని భద్రముగా నున్నవి.