పిట్టల సాహెబ్ - డాక్టర్ సలీం అలీ

మన సొసైటీ సంచికలో ఏటా ఒక మహనీయుని జీవితాన్ని మన పిల్లల ముందుంచడం ఆనవాయితీ. ఈసారి మేము మర్హూమ్ డాక్టర్ సలీం అలీ సాహెబ్‌ను ఎంచుకున్నాము. ఆయన నవాబు కాదు, మంత్రి కాదు. యూనివర్సిటీలో చదివి సంపాదించిన డిగ్రీ కూడా లేదు. అయినా అడవుల గురించీ వేట గురించీ ప్రభుత్వాలు ఆయన మాట వినవలసి వచ్చింది.

సలీం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో సులైమానీ బోహ్రా కుటుంబంలో పుట్టారు. ఏడాది నిండేసరికి తండ్రి, మూడేళ్ళకు తల్లి పోయారు. మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ, ఆయన బేగం హమీదా ఆ అనాథ పిల్లలందరినీ సొంత బిడ్డల్లా పెంచారు. మేనమామకు వేటంటే సరదా. ఆ ఇంట్లో పెరిగిన పిల్లవాడికీ ఆ సరదా అంటింది. బొమ్మ తుపాకీతో పిచ్చుకలను కొట్టడం, హలాల్ చేసి వండించుకోవడం అలవాటు. ఒకరోజు పడిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. ఇది మామూలు పిచ్చుకేనా, తినవచ్చా, తినకూడదా అని అబ్బాయికి సందేహం. మేనమామకూ తెలియలేదు. ఆయన ఉత్తరం రాసిచ్చి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపించారు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ దొర పిల్లవాడే కదా అని తోసిపుచ్చకుండా ఆ పిట్ట పేరు చెప్పి, అలమారాల్లో భద్రపరచిన వందలాది పక్షులను చూపించారు. ఆ పూటతో అబ్బాయి దారి మారింది.

దారి మారిందే గాని సుఖంగా సాగలేదు. కొన్నాళ్ళు బర్మాలో కుటుంబ వ్యాపారం చూశారు. 1918లో తహ్మీనా బేగంతో నికాహ్ అయింది. డిగ్రీ లేదని సర్కారు కొలువు రాలేదు. 1929లో బెర్లిన్ వెళ్ళి ప్రొఫెసర్ స్ట్రేస్‌మన్ దగ్గర విద్య నేర్చుకుని వచ్చినా ఇక్కడ ఉద్యోగం దొరకలేదు. అప్పుడాయన ఒక ఉపాయం ఆలోచించారు. నాకు జీతం వద్దు, ప్రయాణం ఖర్చులు ఇప్పించండి, మీ రాజ్యంలో పక్షుల లెక్క తీసి పెడతానన్నారు. అలా 1931-32లో మన నిజాం రాజ్యంలో పక్షుల సర్వే జరిగింది. తహ్మీనా బేగం కూడా డేరాల్లో ఉంటూ వెంట నడిచారు. 1939లో ఆమె చనిపోయాక ఆయన మళ్ళీ పెళ్ళి మాట ఎత్తలేదు.

ఆ రోజుల్లో వేట అంటే ఎలా ఉండేదో ఒక్క సంగతి చాలు. 1938 నవంబరు 12న, అంటే సరిగ్గా సలీం అలీ గారి పుట్టినరోజున, రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చెరువుల మీద వైస్రాయి లిన్‌లిత్‌గో బృందం ఒక్కరోజులో 4,273 పక్షులను కాల్చింది. స్వాతంత్ర్యం వచ్చాక ఆ నీళ్ళు తీసేసి సాగు చేసుకుంటామన్న కోరిక బయలుదేరింది. సలీం అలీ సాహెబ్ నెహ్రూ గారిదాకా వెళ్ళి ఆ చెరువులను నిలబెట్టించారు. దేశమంతటికీ వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది 1972లో. కేరళలో సైలెంట్ వ్యాలీ అడవిని జలవిద్యుత్ ప్రాజెక్టు కింద ముంచవద్దని వాదించిన పెద్దల్లో ఆయన ఒకరు. 1984లో అది జాతీయవనం అయింది.

పెద్దవారి జీవితం చెప్పేటప్పుడు తీపి మాటలే చెప్పడం న్యాయం కాదు. భరత్‌పూర్‌లో గేదెలను మేపకూడదని పట్టుబట్టినవారిలో ఆయనా ఉన్నారు. 1982లో ఆ నిషేధం అమలు చేసినప్పుడు గొడవ జరిగి, పోలీసు కాల్పుల్లో కొందరు గ్రామస్థులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. తర్వాత తేలిందేమిటంటే, గేదెలు లేకపోయేసరికి గడ్డి, కలుపు పెరిగి నీటిని కమ్మేశాయి, పక్షులకే ఇబ్బంది వచ్చింది. ఈ నిజాన్ని బయటపెట్టింది మరెవరో కాదు, ఆయన సొంత సొసైటీ ఏళ్ళ తరబడి చేసిన పరిశీలనే. పిట్టను కాపాడాలంటే దాని పక్కన బతికే పేదవాణ్ణి కూడా కలుపుకోవాలన్నది అందులో మనకు దొరికే గుణపాఠం.

దీనికి సాక్ష్యం మన కడప జిల్లాలోనే ఉంది. కలివికోడి 1900 తర్వాత ఎవరి కంటా పడలేదు. అంతరించిపోయిందనుకున్నారు. 1986లో అది రెడ్డిపల్లి దగ్గర మళ్ళీ దొరికింది. బొంబాయి సొసైటీ వారు వెదుకుతుండగా రాత్రిపూట దీపం వెలుగులో దానిని పట్టి ఇచ్చింది పిట్టలు పట్టడం తెలిసిన ఒక స్థానికుడు. వేటగాడి విద్యే అక్కడ రక్షణకు పనికివచ్చింది.

సలీం అలీ సాహెబ్ మతం పేరు చెప్పి వాదించలేదు. శాస్త్రం చెప్పి వాదించారు. అయినా మనకు ఇది కొత్త సంగతి కాదు. హజ్‌కు వెళ్ళి ఇహ్రామ్ కట్టినవారికి నేలమీది జంతువుల వేట నిషేధం, సముద్రపు చేపకు అనుమతి ఉంది. అంటే వేటకు చోటూ వేళా హద్దూ ఉండాలని మన దీన్ ఏనాడో నేర్పింది. ఆకలికి వేటాడడం వేరు, లెక్క కోసం కాల్చడం వేరు.

పద్మవిభూషణ్ 1976లో వచ్చింది. అమెరికా నుంచి వచ్చిన యాభై వేల డాలర్ల గెట్టీ బహుమతిని తన కోసం ఉంచుకోక ప్రకృతి రక్షణ నిధికి ఇచ్చేశారు. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. 1987లో తొంభై ఏళ్ళ వయసులో కన్నుమూశారు. అల్లాహ్ ఆయనకు మగ్ఫిరత్ ప్రసాదించుగాక!

మన ఇళ్ళలో పిల్లలు ఏదైనా పట్టుకొచ్చి ఇదేమిటని అడిగితే విసుక్కోకండి. తెలియకపోతే తెలిసినవారి దగ్గరికి పంపండి. అమీరుద్దీన్ సాహెబ్ చేసింది అంతే, మిల్లార్డ్ దొర చేసింది కూడా అంతే.