డ్రైవర్లకు దారి వేసిన కిల్డాల్

మీ కాలేజీ ల్యాబ్‌లో నలభై కంప్యూటర్లు ఉన్నాయనుకోండి. అన్నింట్లో విండోస్ 10 తీసేసి విండోస్ 11 వేశారు. ముప్పై నాలుగు బాగానే లేచాయి. రెండింటికి వైఫై దొరకడం లేదు. మూడింట్లో సౌండ్ రావట్లేదు. ఒకటి మాత్రం నీలి తెర చూపించి మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతోంది. పొద్దున్నే ప్రాక్టికల్స్ ఉన్నాయి, ఏదో ఒకటి చెయ్యమని ల్యాబ్ ఇన్‌చార్జి మిమ్మల్నే పిలిచారు. ఎక్కడి నుంచి మొదలుపెడతారు?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అందుకే నిజామాబాద్‌లో అయినా, బోధన్‌లో అయినా, బ్యాంకు, ఆసుపత్రి, రైస్ మిల్లు, మీసేవ కేంద్రం అన్నీ ఇప్పుడు ఇదే పని మీద ఉన్నాయి. పైన చెప్పిన ఆరు కంప్యూటర్లలో తప్పు చాలావరకు విండోస్‌ది కాదు, హార్డ్‌వేర్‌దీ కాదు. ఆ రెండింటి మధ్య దుబాసీ పని చేసే చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది, దాన్నే డ్రైవర్ అంటాం. కొత్త ఓఎస్‌కు పాత డ్రైవర్ పొసగకపోతే వచ్చే తిప్పలు ఇవి. చిన్న కంప్యూటర్లలో ఈ దుబాసీకి ఒక స్థానం కల్పించిన మనిషి కథ తెలిస్తే, ఈ సమస్యను పట్టుకోవడం మీకు సులువవుతుంది. ఆయన పేరు గ్యారీ కిల్డాల్.

ఓడలు నడపడం నేర్పే ఇల్లు

కిల్డాల్ 1942 మే 19న అమెరికాలోని సియాటిల్‌లో పుట్టారు. వాళ్లది ఓడ నడిపేవాళ్లకు పాఠాలు చెప్పే కుటుంబం. తాత పెట్టిన నౌకా విద్యాలయంలో తండ్రి కూడా పాఠాలు చెప్పేవారు. స్కూల్లో గ్యారీవి గొప్ప మార్కులేం కావు. రేడియోలు, కార్లు విప్పి బిగించడమంటేనే ఇష్టం. మార్కులు తక్కువని దిగులుపడే వాళ్లు ఈ మాట గుర్తుంచుకోండి. తర్వాత ఇంటి విద్యాలయంలోనే కొన్నాళ్లు పాఠాలు చెప్పి, లెక్కల టీచర్ అవుదామని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో చేరారు. అక్కడ కంప్యూటర్ రుచి తెలిసింది. ఇక లెక్కల టీచర్ ఆలోచన పక్కకు పోయింది.

సైనిక సేవ తప్పని రోజులు కావడంతో నౌకాదళంలో చేరారు. మాంటెరీలోని నేవల్ పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్కూల్లో పాఠాలు చెప్పే పని దొరికింది. 1972లో డాక్టరేట్ పూర్తి చేశారు. ప్రోగ్రామ్‌లో డేటా ఎటు నుంచి ఎటు ప్రవహిస్తోందో లెక్కగట్టే ఆయన పద్ధతిని కంపైలర్లు చదివే వాళ్లు ఇప్పటికీ చదువుతున్నారు.

షెడ్డులో పుట్టిన ఓఎస్

1971లో ఇంటెల్ 4004 అనే చిన్న చిప్‌ను మార్కెట్‌లోకి తెచ్చింది. అప్పట్లో చాలామందికి అది క్యాలిక్యులేటర్ సామాను మాత్రమే. కిల్డాల్‌కు మాత్రం అందులో పూర్తి కంప్యూటర్ కనిపించింది. చేతిలో సరైన పరికరాలు లేకపోయినా, కాలేజీలోని పెద్ద కంప్యూటర్ మీద ఆ చిప్‌కు నకలు లాంటి ప్రోగ్రామ్ రాసుకుని సాధన చేశారు. ఆ పని చూసి ఇంటెల్ ఆయన్ను సలహాదారుగా పెట్టుకుంది. వాళ్ల చిప్‌ల కోసం ఆయన పీఎల్/ఎం అనే భాష తయారుచేశారు.

అప్పుడే ఫ్లాపీ డ్రైవ్ వచ్చింది. పరీక్షల్లో అరిగిపోయిన ఒక డ్రైవ్‌ను తెచ్చుకున్నారు గానీ, దాన్ని చిప్‌కు కలిపే సర్క్యూట్ కట్టడం ఆయన వల్ల కాలేదు. మిత్రుడు జాన్ టొరోడ్ ఆ కంట్రోలర్ చేసిపెట్టారు. 1974లో పసిఫిక్ గ్రోవ్‌లోని ఇంటి వెనక పనిముట్ల షెడ్డులో సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టమ్ తొలిసారి నడిచింది. ఇంటెల్ దాన్ని తీసుకోలేదు. దాంతో భార్య డొరొతీతో కలిసి సొంత కంపెనీ పెట్టుకున్నారు. అదే తర్వాత డిజిటల్ రీసెర్చ్ అయింది. వ్యాపారం వైపు ఆమె చూసుకునేవారు, ఆయన కోడ్ రాసేవారు.

ప్రతి మిషన్‌కూ మళ్లీ రాయాలా?

అసలు పరీక్ష ఇక్కడే ఎదురైంది. ఆ రోజుల్లో ఒక కంపెనీ ఫ్లాపీ కంట్రోలర్‌కు ఇంకో కంపెనీ కంట్రోలర్‌తో పోలిక ఉండేది కాదు. స్క్రీన్, కీబోర్డు, ప్రింటర్ దేనికది వేరు. కొత్త మిషన్ వచ్చిన ప్రతిసారీ సీపీ/ఎం లోపలికి వెళ్లి కోడ్ మార్చాల్సిందే. ఇమ్‌సాయ్ అనే కంపెనీ తమ కంప్యూటర్‌కు సీపీ/ఎం కావాలని అడిగేసరికి, ఈ మార్పుల పనితో కిల్డాల్ విసిగిపోయి ఉన్నారు. అందుకని ఓఎస్‌ను రెండుగా కోశారు. ఫైళ్లు, ఆదేశాలు చూసుకునే భాగం ఎక్కడైనా ఒకటే. హార్డ్‌వేర్‌ను ముట్టుకునే భాగం మాత్రం విడిగా, చిన్నగా. దానికి బయోస్ అని పేరు పెట్టారు.

మన దగ్గరి సంగతితో పోల్చుకోండి. మంజీరా మీద 1923 నుంచి 1931 వరకు నిజాంసాగర్ కట్టారు. ఆ నీళ్లతోనే బోధన్ చుట్టుపక్కల చెరకు పండింది. మెయిన్ కాలువ అందరికీ ఒక్కటే. ఒక్కో ఊరి పొలాల ఎత్తుపల్లాలను బట్టి తూములు వేరు. ఒక ఊరి తూము మార్చాలంటే మెయిన్ కాలువ తవ్వక్కర్లేదు. అయితే కాలువలో నీటిమట్టం మారిందా, పాత తూముకు నీళ్లు ఎక్కవు. కిల్డాల్ చేసింది తూమును కాలువ నుంచి విడదీయడం. మీ ల్యాబ్‌లో జరిగింది కాలువ మట్టం మారడం.

సీపీ/ఎం 2.2 వచ్చేసరికి బయోస్‌లోకి వెళ్లే ద్వారాలు సరిగ్గా 17. కీ నొక్కారా చూడు, అక్షరం చూపించు, ప్రింటర్‌కు పంపు, డిస్క్ నుంచి చదువు, డిస్క్‌లో రాయి లాంటివి. కంప్యూటర్ తయారుచేసే కంపెనీ ఆ 17 పనులు తన హార్డ్‌వేర్‌కు తగ్గట్టు రాసుకుంటే చాలు, మిగతా ఓఎస్ అంతా ఉన్నదున్నట్టు నడిచేది. దానికోసం రాసిన ప్రోగ్రామ్‌లూ చాలావరకు అలాగే నడిచేవి. ఇలా విడదీయడం పెద్ద కంప్యూటర్లలో అప్పటికే ఉంది. వేర్వేరు కంపెనీల చిన్న కంప్యూటర్లకు దాన్ని అలవాటు చేసిన ఘనత మాత్రం కిల్డాల్‌దే.

ఐబీఎం వచ్చిన రోజు

1980లో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్ కోసం ఓఎస్ వెతుక్కుంటూ పసిఫిక్ గ్రోవ్ వచ్చింది. ఆ పొద్దున కిల్డాల్ తన సొంత విమానంలో మరో కస్టమర్ దగ్గరికి వెళ్లి ఉన్నారు. ఐబీఎం ముందు పెట్టిన రహస్య ఒప్పందంపై ఉన్నది ఉన్నట్టు సంతకం పెట్టడానికి డొరొతీ, కంపెనీ లాయర్ వెనకాడారు. మధ్యాహ్నం ఏం జరిగిందన్న దానిమీద రెండు పక్షాలూ చెప్పే కథలు వేర్వేరు. సరదాగా విమానంలో తిరుగుతూ అదృష్టాన్ని పోగొట్టుకున్నాడన్న ప్రచారం మాత్రం ఆయన్ను జీవితాంతం వెంటాడింది.

తేలిందేంటంటే బేరం కుదరలేదు. మైక్రోసాఫ్ట్ ఇంకో కంపెనీ నుంచి, సీపీ/ఎం పోలికలున్న ఒక ఓఎస్‌ను కొని ఐబీఎంకు ఇచ్చింది. 1981 ఆగస్టు 12న ఐబీఎం పీసీ విడుదలైంది. తర్వాత కిల్డాల్ అభ్యంతరంతో ఐబీఎం సీపీ/ఎం-86ను కూడా అమ్మడానికి ఒప్పుకుంది. కానీ ధర చూడండి. పీసీ డాస్ 40 డాలర్లు, సీపీ/ఎం-86 ఏమో 240 డాలర్లు. జనం ఏది కొన్నారో వేరే చెప్పాలా?

ఆయన చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఒకేసారి ఎక్కువ పనులు చేసే సిస్టమ్‌లు తెచ్చారు. 1985లో ఒక ఎన్‌సైక్లోపీడియాను సీడీలోకి ఎక్కించడం వెనక ఉన్నది ఆయన పెట్టిన మరో కంపెనీయే. కొన్నేళ్లపాటు టీవీలో కంప్యూటర్ల కార్యక్రమం నడిపి, మామూలు జనానికి కొత్త టెక్నాలజీ చెప్పారు. 1991లో డిజిటల్ రీసెర్చ్‌ను నోవెల్ కొనేసింది. డబ్బుకు కొదవ లేకపోయినా మనసులో వెలితి పోలేదు. చివరి ఏళ్లలో మద్యం ఆయన్ను దెబ్బతీసింది. 1994 జులై 11న, తలకు తగిలిన గాయంతో, 52 ఏళ్లకే మాంటెరీలో కన్నుమూశారు. 2014లో పసిఫిక్ గ్రోవ్‌లో ఐఈఈఈ ఒక ఫలకం పెట్టింది.

ఇప్పుడు మీ వంతు

కిల్డాల్ గీసిన గీత ఇప్పటికీ ఉంది, దాని మీద రద్దీ మాత్రం పెరిగింది. నేడు చాలా డ్రైవర్లు ఓఎస్ నడిబొడ్డయిన కెర్నల్‌లో నడుస్తాయి. అక్కడ తప్పు జరిగితే కంప్యూటర్ మొత్తం పడిపోతుంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక అప్‌డేట్ ఫైలును చదవబోయి దాని కెర్నల్ డ్రైవర్ కుప్పకూలింది. ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ ఫైలు విడతలవారీగా కాకుండా ఒక్కసారిగా అందరికీ వెళ్లడం వల్లే నష్టం అంత పెద్దదైంది.

కాబట్టి నలభై కంప్యూటర్లయినా నాలుగు వేలయినా వరస ఇది:

• ముందు లెక్క రాసుకోండి. ఏ మోడల్ ఎన్ని, వాటిలో నెట్‌వర్క్, గ్రాఫిక్స్, స్టోరేజ్ పరికరాలేవి? డివైజ్ మేనేజర్‌లో ప్రతి పరికరానికీ హార్డ్‌వేర్ ఐడీ ఉంటుంది. డ్రైవర్‌ను పేరు చూసి కాదు, ఆ ఐడీ చూసి వెతకాలి.

• పాత పరికరాలను మర్చిపోవద్దు. వేబ్రిడ్జి కాటా, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్, వేలిముద్ర మిషన్ లాంటివే ఎక్కువగా మొరాయిస్తాయి. కాటాను కలిపే యూఎస్‌బీ-సీరియల్ కేబుల్‌లో పాత చిప్ ఉంటే, కొత్త విండోస్‌లో దాని డ్రైవర్ పనిచేయకపోవచ్చు. చెరకు బండ్లు లైన్లో నిలబడ్డాక ఇది తెలిస్తే లాభం లేదు.

• 32 బిట్ కెర్నల్ డ్రైవర్ 64 బిట్ విండోస్‌లో లోడ్ కాదు. విండోస్ 11 వచ్చేది 64 బిట్‌లోనే. డిజిటల్ సంతకం లేని డ్రైవర్లను అది మామూలుగా రానివ్వదు.

• ఒక్కో మోడల్ నుంచి ఒక్కో కంప్యూటర్ మీద ముందు ప్రయోగించండి. కొన్ని రోజులు వాడనిచ్చి, తర్వాత చిన్న గుంపుకు, ఆ తర్వాతే అందరికీ.

• నెట్‌వర్క్ డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. నెట్ రాకపోతే మిగతా డ్రైవర్లు దిగుమతి చేసుకోలేరు.

• వెనక్కి వచ్చే దారి ముందే చూసుకోండి. బ్యాకప్, పాత డ్రైవర్ కాపీ, బిట్‌లాకర్ రికవరీ కీ చేతిలో లేకుండా మొదలుపెట్టొద్దు.

డెస్క్‌టాప్ సపోర్ట్, సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, ఎండ్‌పాయింట్ ఇంజినీర్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ఈ వరస చెప్పగలిగితే మీరు పది మందిలో ఒకరిగా మిగలరు. దీనికి తోడు పవర్‌షెల్, ఇన్‌ట్యూన్ లాంటివి నేర్చుకోండి. ఇంట్లో పాత కంప్యూటర్ ఒకటి ఉన్నా సాధనకు చాలు. ఓఎస్ తీసి మళ్లీ వేయండి, డ్రైవర్లు ఒక్కొక్కటీ చేత్తో ఎక్కించండి, ఏది ఎందుకు పనిచేయలేదో నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆ నోట్‌బుక్కే రేపు మీ అనుభవం.

బోధన్ శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ సైరన్ విని పెరిగిన కుటుంబాలు మీలో చాలామందివి. 2015 చివర్లో అది మూతపడ్డప్పుడు ఆ ఇళ్లలో ఏం జరిగిందో మీకు ఒకరు చెప్పక్కర్లేదు. అక్కడ బాయిలర్, టర్బైన్, మోటారు మీద చెయ్యి తిరిగిన వాళ్లకు ఇంకోచోట అడగడానికి ఒక పనితనమైనా మిగిలింది. కిల్డాల్ కథలోనూ కంపెనీ పోయింది, సీపీ/ఎం పోయింది, ఐబీఎం బేరం ఎప్పుడో పోయింది. యంత్రానికీ ఓఎస్‌కూ మధ్య ఆయన గీసిన గీత మాత్రం మీ ల్యాబ్‌లోని నలభై కంప్యూటర్లలోనూ ఉంది. పొద్దున ప్రాక్టికల్స్ ఉన్నాయి కదా. ముందు ఆ నీలి తెర కంప్యూటర్‌ను సేఫ్ మోడ్‌లో లేపి, కొత్తగా ఎక్కిన డ్రైవర్ ఏదో చూడండి.