తెలుగు పుస్తకాలను కాపాడిన బ్రౌన్ దొర

పిల్లలూ! మీరు వేమన పద్యాలు నేర్చుకున్నారు కదా! వాటిని ఎంతో శ్రమపడి సేకరించి, 1829లో అచ్చు వేయించినది ఎవరో తెలుసా? ఆయన తెలుగువాడు కాదు, ఆంగ్లేయుడు. ఆయన పేరు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టాడు. ఆ రోజుల్లో భారతదేశాన్ని ఈస్టిండియా కంపెనీ పాలించేది. బ్రౌన్ ఆ కంపెనీ ఉద్యోగిగా 1817లో మద్రాసు చేరాడు. అక్కడే తెలుగు అక్షరాలు దిద్దాడు. 1820లో ఆయనను కడపకు పంపారు. అక్కడి ప్రజలు మాట్లాడేది తెలుగు. వారి మాట తెలియకపోతే వారి కష్టసుఖాలు ఎలా తెలుస్తాయి? అందుకని ఆయన పట్టుదలతో తెలుగు నేర్చుకున్నాడు.

అప్పటి తెలుగు పుస్తకాలు చాలావరకు తాటాకుల మీద ఉండేవి. వాటిని గంటంతో వ్రాసేవారు. చూసేవారు లేక ఎన్నో తాటాకులు పురుగులు తిని పాడైపోతున్నాయి. ఇది చూసి బ్రౌన్ బాధపడ్డాడు.

ఆయన కడపలో ఒక బంగళా కొన్నాడు. అందులో పండితులను, వ్రాయసగాళ్లను చేర్చి, తన జీతం నుండి వారికి జీతాలిచ్చాడు. ఒకే కావ్యానికి అనేక ప్రతులు తెప్పించేవాడు. పండితులు వాటిని పోల్చి తప్పులు దిద్దేవారు. వ్రాయసగాళ్లు శుద్ధప్రతిని కాగితం మీద వ్రాసేవారు. ఇందుకు డబ్బు చాలక ఆయన అప్పులు చేశాడు. 1834లో ఉద్యోగం పోయింది. అయినా పని మానలేదు. ఇంగ్లండు వెళ్లినప్పుడు, లండనులో మూలపడి ఉన్న దక్షిణ భారత గ్రంథాలను మద్రాసుకు పంపించాడు. 1837లో తానూ తిరిగి వచ్చాడు.

ఆయన తెలుగు వ్యాకరణం, నిఘంటువులు వ్రాశాడు. 1852లో అచ్చయిన ఆయన తెలుగు నిఘంటువును నేటికీ వాడుతున్నారు. 1855లో ఇంగ్లండు వెళ్లి, తరువాత లండనులో తెలుగు ఆచార్యుడయ్యాడు. 1884లో అక్కడే మరణించాడు. కడపలో ఆయన బంగళా ఉన్న చోట నేడు ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది.

బ్రౌన్ మద్రాసులో పనిచేస్తున్న కాలంలోనే మన పూర్వులు కోరంగి రేవులో ఓడ ఎక్కి మారిషస్ వచ్చారు. చెరకు తోటల్లో కష్టపడుతూ కూడా వారు తమ మాటను విడువలేదు. పరాయివాడైన బ్రౌన్ తెలుగు కోసం అంత శ్రమపడ్డాడు. అది మన తాతముత్తాతల భాష. మనం రోజూ కొంచెం చదివితే చాలు, అది మన ఇంట నిలుస్తుంది.

కొత్త మాటలు
గంటం - తాటాకు మీద వ్రాసే ఇనుప కలం
వ్రాయసగాడు - చూసి వ్రాసేవాడు
ప్రతి - ఒక పుస్తకాన్ని చూసి వ్రాసిన మరొక పుస్తకం
శుద్ధప్రతి - తప్పులు దిద్ది వ్రాసిన ప్రతి
నిఘంటువు - మాటలకు అర్థాలు చెప్పే పుస్తకం

ప్రశ్నలు
1. బ్రౌన్ తెలుగు ఎందుకు నేర్చుకున్నాడు?
2. తాటాకు పుస్తకాలు ఎలా పాడైపోయేవి?
3. కడప బంగళాలో ఏమి పని జరిగేది?
4. మీ ఇంట్లో పెద్దలకు తెలిసిన తెలుగు మాటలు 5 అడిగి వ్రాయండి.