విల్‌ఫ్రెడ్ ఓవెన్ - కవిని నిద్రపోనివ్వని యుద్ధం

వార్షికోత్సవ సంచికకు ఒక గొప్ప వ్యక్తి జీవితం రాసివ్వమని తమ్ముళ్ళు అడిగారు. మీరంతా ఎదురుచూసే పేర్లు నాకు తెలుసు. వాళ్ళ గురించి నాకన్నా బాగా రాయగలవాళ్ళు మన హాస్టల్లోనే ఉన్నారు. అందుకే ఎం.ఏ. ఇంగ్లీషు పాఠాల్లో నాకు పరిచయమైన ఒక కవి గురించి రాస్తున్నాను. పేరు విల్‌ఫ్రెడ్ ఓవెన్. ఇరవై ఐదేళ్ళకే చనిపోయాడు. అంటే నాకన్నా రెండేళ్ళు పెద్దవాడు, అంతే.

ఆయన 1893 మార్చి 18న ఇంగ్లండులో ఆస్‌వెస్ట్రీ అనే ఊరి దగ్గర జన్మించాడు. తండ్రి రైల్వే ఉద్యోగి, తల్లి సుసాన్ దైవభక్తి గల మనిషి. నలుగురు పిల్లల్లో ఆయనే పెద్ద. తాతగారు చనిపోవడంతో పెద్ద ఇల్లు వదిలి చిన్న ఇళ్ళకు మారాల్సి వచ్చింది. 1911లో లండన్ విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష పాసయ్యాడు గానీ స్కాలర్‌షిప్ వచ్చేంత ర్యాంకు రాలేదు. డబ్బు కట్టి చదివించే స్థోమత ఇంట్లో లేదు. స్కాలర్‌షిప్ రాకపోతే చదువు ఎక్కడ ఆగుతుందో మనకు ఎవరూ వివరించనక్కర్లేదు. కొంతకాలం ఒక చర్చి ఫాదరీ దగ్గర సహాయకుడిగా ఉన్నాడు. తర్వాత ఫ్రాన్సులోని బోర్డో నగరానికి వెళ్ళి ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుంటూ బతికాడు. ఇంతలో 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది.

1915 అక్టోబరులో సైన్యంలో చేరాడు. మరుసటి ఏడాది మాంచెస్టర్ రెజిమెంట్‌లో సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు. 1916 చివర్లో ఫ్రాన్సు చేరాడు. ఆ తర్వాత నాలుగు నెలల్లో చూసినదే ఆయన జీవితమంతా అయిపోయింది.

1917 జనవరిలో రెండు సైన్యాలకు మధ్యనున్న నేలలో, జర్మన్లు వదిలిపోయిన ఒక బంకరును కాపాడే పని ఆయనకు అప్పగించారు. ఇరవై ఐదు మంది మనుషులు, యాభై గంటలు. లోపల నీళ్ళు, బురద. పైన ఆగకుండా గుండ్ల వాన. కాపలావాళ్ళను మెట్ల మీద సగం దాకా దింపి, వీలైనంత కాపాడాలని చూశాడు. అయినా ఒక గుండు పేలుడుకు కాపలా కుర్రవాడు కిందికి ఎగిరిపడి చూపు కోల్పోయాడు. అతణ్ణి అక్కడ నిలబెట్టింది ఓవెనే. నిలబెట్టక తప్పదు, అది డ్యూటీ. తప్పు ఎవరిదంటే ఏం చెప్తాం? కానీ ఆ కళ్ళు ఆయన్ను వదల్లేదు. ఏడాదిన్నర దాటాక, 1918లో, ఆ సంఘటన మీద 'ది సెంట్రీ' అనే కవితను పూర్తి చేశాడు.

ఏప్రిల్‌లో మరో గుండు పేలి ఆయన్నే ఎగరేసింది. తోటి అధికారి ఒకరి శరీర భాగాల పక్కన కొన్ని రోజులు పడి ఉండాల్సి వచ్చింది. పైకి పెద్ద గాయం లేదు. కానీ వణుకు, పీడకలలు పట్టుకున్నాయి. దీన్ని అప్పట్లో 'షెల్ షాక్' అన్నారు. మా ఊళ్ళో పట్టాళం నుంచి తిరిగొచ్చిన ఒకాయన రాత్రిళ్ళు లేచి అరిచేవాడు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. నా చిన్నప్పుడు మేము పిల్లలం ఆయన్ను చూసి నవ్వేవాళ్ళం. ఓవెన్ గురించి చదివిన రోజు ఆయనే గుర్తొచ్చాడు.

ఇంగ్లండులోనూ ఆ జబ్బును చాలామంది పిరికితనం కిందే లెక్కగట్టారు. యుద్ధం నుంచి పారిపోయారనో, పిరికివాళ్ళనో నేరం మోపి బ్రిటిష్ సైన్యం కాల్చి చంపినవాళ్ళలో 306 మందికి 2006లో గానీ క్షమాభిక్ష రాలేదు. ఓవెన్‌ను ఎడిన్‌బరో దగ్గరి క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రికి పంపారు. అది అధికారుల కోసమే పెట్టిన ఆసుపత్రి. మామూలు సిపాయికి అందులో మంచం దొరకదు. ఈ సంగతి కూడా మనం గమనించాలి.

అక్కడి డాక్టరు బ్రాక్ వైద్యం పని చేయించడమే. ఓవెన్ చేత బడిలో పాఠాలు చెప్పించాడు. 'ది హైడ్రా' అనే ఆసుపత్రి పత్రికకు ఆయన సంపాదకుడు కూడా. మన సంచిక లాంటిదే అనుకోండి, రోగులే రాసి రోగులే చదువుకునేది. జులైలో సీగ్‌ఫ్రీడ్ ససూన్ అనే కవి అక్కడికి వచ్చాడు. యుద్ధాన్ని ఇంకా సాగదీస్తున్నారని బహిరంగంగా ప్రకటించినందుకు ఆయన్ను ఆసుపత్రిలో పెట్టారు. ఓవెన్ ఆయన పుస్తకాలు పట్టుకుని సంతకం కోసం బెరుకుగా తలుపు తట్టాడు. చూసినదాన్ని ఉన్నదున్నట్టు రాయమని ససూన్ ధైర్యమిచ్చాడు. అంతకుముందు ఓవెన్ రాసినవి ఎక్కువగా కీట్స్ ఛాయల్లోని అందమైన పద్యాలు. ఇక ఆ తరహా వదిలేశాడు.

విషవాయువు పీల్చి చనిపోతున్న సైనికుడి మీద రాసిన కవితలో, ఆ చావు కన్నా చూసినవాడి కలలే నన్ను ఎక్కువ భయపెట్టాయి. సాయం చేయలేకపోయానన్న బాధ అందులో ఉంది. 'స్ట్రేంజ్ మీటింగ్'లో ఒక సైనికుడు చనిపోయి పాతాళం లాంటి చోటికి చేరితే, తాను నిన్న చంపిన శత్రువే అక్కడ ఎదురవుతాడు. తిట్టడు, కొట్టడు, స్నేహితుడిలా మాట్లాడతాడు. అదే పెద్ద శిక్ష అని నాకనిపించింది. 'మెంటల్ కేసెస్'లో మతి చలించిన సైనికులను చూపించి, వాళ్ళను అలా చేసిన పాపంలో చూస్తున్న మనల్నీ కలిపేస్తాడు. నా దృష్టిలో ఈ మూడింటిలో ఇదే గొప్పది. పరీక్షలో మాత్రం మిగతా రెండే అడుగుతారు.

1918 ఆగస్టు చివర్లో మళ్ళీ యుద్ధానికి వెళ్ళాడు. తన మనుషులు అక్కడ చస్తుంటే ఇక్కడ కూర్చుని వాళ్ళ తరఫున ఎలా మాట్లాడతానన్నదే ఆయన బాధ. అక్టోబరు మొదట్లో జోన్‌కూర్ దగ్గర చూపిన సాహసానికి మిలిటరీ క్రాస్ లభించింది. పట్టుకున్న శత్రువుల మెషిన్ గన్‌తోనే శత్రువులను దెబ్బతీశాడని ఆ పతకపు ప్రకటనలో ఉంది. కాబట్టి ఆయన్ను ఉత్త శాంతి కవి అనేస్తే సరిపోదు. చంపినవాడూ ఆయనే, ఆ చంపడాన్ని సహించలేకపోయినవాడూ ఆయనే.

నవంబరు 4న ఓర్స్ గ్రామం దగ్గర కాలువ దాటించే ప్రయత్నంలో తూటా తగిలి మరణించాడు. వారం రోజులకు యుద్ధం ముగిసింది. నవంబరు 11న ష్రూస్‌బరీలో విజయోత్సవ గంటలు మోగుతుండగా తల్లికి టెలిగ్రాం అందింది. బతికుండగా అచ్చయిన కవితలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. 1920లో ససూన్, ఎడిత్ సిట్వెల్ కలిసి పుస్తకం తెచ్చారు.

అదే ఏడాది ఆ తల్లి మన రవీంద్రనాథ్ టాగూర్‌కు ఉత్తరం రాసింది. కొడుకు చివరిసారి ఇల్లు వదిలేటప్పుడు పలికినవి గీతాంజలిలోని మాటలట. ఆయన జేబు పుస్తకం ఇంటికి వస్తే అందులోనూ అవే రాసి, కింద టాగూర్ పేరు ఉందట. ఆ మాటలు ఏ పుస్తకంలోవో చెప్పమని అడిగింది. చలం తెలుగు చేసిన గీతాంజలి మీలో కొందరైనా చదివే ఉంటారు.

ఓర్స్ స్మశానంలో ఆయన సమాధి మీద ఆయన కవితలోవే కొన్ని మాటలు తల్లి చెక్కించింది. చనిపోయినవాళ్ళు మళ్ళీ లేస్తారా అని కొడుకు ఆ కవితలో సందేహపడ్డాడు. తల్లి చివరి ప్రశ్నార్థకాన్ని తీసేసి, లేస్తారన్నట్టుగా రాయించింది.