పరుపు మోసినవారు: టామీ డగ్లస్ జీవిత చరిత్ర

చదువవలసిన భాగము: మార్కు 2:1-12



కపెర్నహూములో పక్షవాయువు గలవానిని నలుగురు మోసికొని వచ్చిన సంగతి మనమందరము ఎరుగుదుము. ఆ నలుగురి పేర్లు సువార్తలో వ్రాయబడలేదు. ఒక్కడే యైనయెడల ఆ పరుపును ఎత్తలేకపోయెడివాడు. నలుగురు కలిసి మోసిరి గనుకనే రోగి ప్రభువునొద్దకు చేరెను. ఆ నలుగురిని మనకు జ్ఞాపకము చేయు ఒక సేవకుని జీవితమును ఈ మాసము మీ ముందుంచుచున్నాము. ఆయన కెనడా దేశపు బాప్టిస్టు బోధకుడైన టామీ డగ్లస్. 1874లో కాకినాడలో పని ఆరంభించి, తరువాత పిఠాపురములో ఆసుపత్రి నడిపిన మిషనరీలు ఆ దేశపు బాప్టిస్టు సంఘములు పంపినవారే గనుక, ఆయన మనకు బొత్తిగా పరాయివాడు కాడు.

థామస్ క్లెమెంట్ డగ్లస్ 1904వ సంవత్సరము అక్టోబరు 20వ తేదీన స్కాట్లాండులోని ఫాల్కిర్కు పట్టణమున పుట్టెను. తండ్రి ఇనుము పోతపోయు కార్మికుడు. పసితనమందే మోకాలికి దెబ్బ తగిలి, ఎముకకు చీము పట్టెను. కుటుంబము కెనడాలోని విన్నిపెగ్ పట్టణమునకు వలస వెళ్లిన తరువాత ఆ జబ్బు మరల తిరుగబెట్టెను. పెద్ద వైద్యునికి ఇచ్చుటకు తలిదండ్రులయొద్ద సొమ్ము లేదు. కాలు తీసివేయవలసి వచ్చునని ఆసుపత్రిలో చెప్పిరి. అంతలో ఒక శస్త్రవైద్యుడు బాలుని చూచి, తన విద్యార్థులు చూచి నేర్చుకొనుటకు తలిదండ్రులు ఒప్పుకొనినయెడల ఉచితముగా చికిత్స చేసెదనని చెప్పెను. వారు ఒప్పుకొనిరి. కాలు నిలిచెను.

ఆ వైద్యుని దయను డగ్లస్ ఎన్నడును మరువలేదు. అయితే ఒక ప్రశ్నయు ఆయనను విడువలేదు. ఆ దినమున ఆ వైద్యుడు అటు రాకపోయినయెడల ఏమగును? ప్రక్క మంచముమీది బీదవాని బిడ్డ గతి యేమి? దయ గొప్పదే గాని, అది ఒకని గుమ్మముయొద్ద నిలిచి మరియొకని గుమ్మము దాటిపోవచ్చును గదా!

యౌవనమున ఆయన అచ్చుకూటములో పని నేర్చెను. 1922లో మానిటోబా రాష్ట్రపు ముష్టియుద్ధ పందెములో గెలిచెను. పిమ్మట బ్రాండన్ కళాశాలలో చదివి, 1930లో బోధకుడుగా అభిషేకము పొంది, సస్కాచువాన్ రాష్ట్రమందలి వేబర్న్ పట్టణపు కల్వరి బాప్టిస్టు సంఘమునకు కాపరి ఆయెను. అది గోధుమ రైతుల సీమ. ఆ యేండ్లలోనే వాన కరవాయెను, ధాన్యపు ధర పడిపోయెను, పొలములు ధూళియై ఎగిరిపోయెను. ముప్పది యేండ్ల ప్రాయపువారిని, చిన్నబిడ్డలు గల తండ్రులను ఇద్దరిని ఆయన తన చేతులతో సమాధి చేసెను. దగ్గర వైద్యుడు లేక, చికిత్సకు సొమ్ము లేక వారు చనిపోయిరి. సమాధియొద్ద ఆదరణ మాటలు చెప్పుట కాపరి పని. ఆ సమాధి అవసరము లేకుండ చేయుటయు కాపరి పనియే యని ఆయనకు తోచెను.

ఆయన తప్పు లేనివాడని మేము చెప్పము. బుద్ధిమాంద్యము గలవారికి సంతానము కలుగకుండ చేయవలెనను ఆ కాలపు చెడు తలంపును సమర్థించి 1933లో ఒక వ్యాసము వ్రాసెను. తరువాత దానిని విడిచిపెట్టెను. అధికారము చేతికి వచ్చినప్పుడు అట్టి పనికి ఒప్పుకొనలేదు.

1934లో రాష్ట్ర ఎన్నికలలో ఓడెను. 1935లో కెనడా పార్లమెంటునకు ఎన్నికాయెను. 1944లో ఆయన పక్షము 52 స్థానములలో 47 గెలువగా, సస్కాచువాన్ ముఖ్యమంత్రి ఆయెను.

అయితే ఆ పరుపును మొదట ఎత్తినది ఆయన కాదు. అంతకు ఎన్నో యేండ్లకు ముందే అక్కడి పల్లెల రైతులు తమమీద తామే పన్ను వేసికొని, జీతమిచ్చి వైద్యుని నిలుపుకొనిరి. కొన్ని గ్రామములు కూడుకొని ఆసుపత్రులు కట్టుకొనిరి. 1936లో అందరికి ప్రభుత్వ వైద్యము కావలెనని ప్రజలే ఒక సమాజము స్థాపించిరి. స్విఫ్ట్ కరెంట్ ప్రాంతమున విలియం బురాక్ అను గ్రామ పాలకసభ కార్యదర్శి సొంత ఖర్చుతో ఊరూరికి ఉత్తరములు వ్రాసి, సభలు కూర్చెను. ప్రజలు ఓటు వేసి ఒప్పుకొనిరి. 1946 జూలైలో ఆ ప్రాంతమందలి సుమారు 50 వేలమందికి వైద్యము, ఆసుపత్రి ఉమ్మడి ఖర్చుమీద ఆరంభమాయెను.

ఆ పద్ధతి కష్టమైనది కాదు. అందరును ఒక్క ఖజానాలో వేయుదురు. ఆ ఒక్క ఖజానాయే వైద్యునికి చెల్లించును. రోగి మంచముయొద్ద బేరముండదు. 1947 జనవరి 1వ తేదీనుండి డగ్లస్ ప్రభుత్వము మనిషికి సాలుకు 5 డాలర్ల చొప్పున తీసికొని, రాష్ట్రమంతటికి ఆసుపత్రి ఖర్చు భరించెను. వైద్యుల రుసుము మాత్రము మిగిలెను. సొమ్ము కూడువరకు ఆయన పండ్రెండేండ్లకు పైగా ఓర్చుకొని, 1959లో ఆ సంకల్పమును ప్రకటించి, 1960 ఎన్నికలలో ప్రజల సమ్మతి పొందెను. 1961లో చట్టమాయెను.

వైద్యులలో అనేకులు ఎదిరించిరి. ప్రభుత్వము తమకు యజమానియై కూర్చుండునని వారు భయపడిరి; వారందరును దుష్టులని తలంచరాదు. 1962 జూలై 1వ తేదీన పథకము ఆరంభమైనప్పుడు వారు పని మానిరి. 23 దినములు రాష్ట్రము వణకెను. ఇంగ్లాండునుండి కొందరు వైద్యులు వచ్చిరి. ప్రజలు చందాలు వేసికొని తమ చికిత్సాలయములు తెరచిరి. తుదకు ఇరుపక్షములు రాజీపడెను; పథకము నిలిచెను.

ఆ దినమున డగ్లస్ ముఖ్యమంత్రి కాడు. దేశమంతటి పక్షమునకు నాయకుడై 1961లోనే ఆ పదవి విడిచెను. ఆయన స్థానమున వుడ్రో లాయిడ్ ఆ తుఫానును సహించెను. పథకము ఆరంభమగుటకు పదమూడు దినములముందు, 1962 జూన్‌లో, సొంత రాష్ట్రపు రెజైనాలోనే డగ్లస్ పార్లమెంటు ఎన్నికలో ఓడెను. మోషే నెబో కొండమీదనుండి చూచినట్లు ఆయన దూరమునుండి చూచెను. అయినను 1966లో కెనడా పార్లమెంటు దేశమంతటికి ఆ చట్టము చేసెను. 1971 నాటికి పది రాష్ట్రములును చేరెను. నేటికిని అక్కడ చికిత్సకై చాలకాలము వేచియుండవలసిన కొరతలు గలవు. అయినను వైద్యుని చూచుటకు, ఆసుపత్రిలో పడుకొనుటకు పొలము అమ్ముకొను భయము తొలగెను. 1986 ఫిబ్రవరి 24వ తేదీన డగ్లస్ ఒట్టావాలో కన్ను మూసెను.

ప్రియులారా, మన పల్లెలలోను వైద్యమునకై పొలము తాకట్టు పెట్టిన యిండ్లు, పుస్తెలు అమ్ముకొనిన తల్లులు మనకు తెలియును. మనము వారికొరకు ప్రార్థించుచున్నాము, అది మంచిది. కాని ఆ నలుగురు ప్రార్థించి ఇంటనే కూర్చుండలేదు. త్రోవ లేనప్పుడు ఇంటి కప్పు విప్పిరి. ప్రభువు వారి విశ్వాసమును చూచెనని సువార్త చెప్పుచున్నది. అనగా విశ్వాసము కంటికి కనబడునట్టి పనిగా ఉండెను. మన సంఘములో ఎవని పరుపు నేలమీదనే యున్నది? నాలుగవ మూల ఎవరును పట్టక ఎవడు మిగిలిపోయెను? ఈ ఆదివారము ఆరాధనయైన తరువాత పెద్దలు, స్త్రీల సమాజము, యౌవనులు కూడుకొని ఈ ప్రశ్న అడుగుకొందురు గాక. ప్రభువు మన చేతులను బలపరచును గాక. ఆమేన్.