మదురైలో గాంధీగారు చొక్కా విడిచిన రోజు

మేట్టుపాళయంలో మన పెళ్లిళ్లకు వచ్చే మగవారిని బట్టలు చూసి లెక్కగట్టడం మనకు తెలియకుండానే జరిగిపోతుంది. ఇస్త్రీ చొక్కా, ప్యాంటు వేసుకుంటే ఉద్యోగస్తుడు. జరీ అంచు పంచె కడితే పెద్దింటివాడు. లుంగీ కట్టి భుజాన తువ్వాలు వేసుకుంటే మండీలో మూటలు మోసేవాడు. ఎవరికి ముందు కుర్చీ వేస్తామో, ఎవరిని పేరు పెట్టి పిలుస్తామో ఆ లెక్కనుబట్టే ఉంటుంది. ఈ అలవాటు తలపుకు వచ్చినప్పుడల్లా మాకు గాంధీగారి జీవితం గుర్తుకొస్తుంది. ఆయన చొక్కా విడిచిన ఊరు మనకు దూరమేమీ కాదు, మదురై.

బట్టలను చూసి మనిషిని అంచనా వేయడం ఒకప్పుడు ఆయనా నమ్మినదే. 1888లో బారిస్టరు చదువుకు ఇంగ్లండు వెళ్లినప్పుడు ఓడ దిగేటప్పటికి బాగుంటుందని తెల్లటి ఫ్లానెల్ సూటు వేసుకున్నారు. అది సెప్టెంబరు చివర. రేవులో అలాంటి బట్టలు వేసుకున్నది ఆయన ఒక్కరే. ఆ సిగ్గుతోనేమో, లండనులో పూర్తిగా దొరలా కనబడాలని పూనుకున్నారు. బాండ్ స్ట్రీటులో పది పౌండ్లు పెట్టి సూటు కుట్టించుకున్నారు, ఎత్తైన టోపీ కొన్నారు, అన్నగారిచేత బంగారు గడియారపు గొలుసు తెప్పించుకున్నారు. నాట్యం, వయొలిన్ పాఠాలకు కూడా డబ్బు పోశారు. మూడు నెలలకు ఆ మోజు తగ్గింది గానీ సూటు మాత్రం చాలా ఏళ్లు ఒంటిమీదే ఉంది.

1893లో దక్షిణాఫ్రికాకు వెళ్లాక బట్టల లెక్క ఎంత కఠినంగా ఉంటుందో తెలిసింది. డర్బను కోర్టులో తలపాగా తీయమన్నారు. ఆయన తీయకుండా బయటికి వచ్చేశారు. గొడవెందుకు, ఇంగ్లీషు టోపీ పెట్టుకుందామా అని ఆలోచిస్తే, ఆయనను పిలిపించిన వర్తకుడు అబ్దుల్లా సేఠ్ వద్దన్నారు. అక్కడ ఆ టోపీ పెట్టిన భారతీయుణ్ణి హోటల్లో వడ్డించేవాడనుకుంటారట. ఆ దేశంలో చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లినవారిలో తమిళులతోపాటు మన తెలుగువారు కూడా ఎందరో ఉన్నారు. తెల్లవాళ్ల కళ్లకు వాళ్లంతా కూలీలే. గాంధీగారికీ కూలీ బారిస్టరనే పేరు పడింది.

మరుసటి ఏడాది బాలసుందరం అనే తమిళ కూలీ ఆయన దగ్గరికి వచ్చాడు. యజమాని కొట్టిన దెబ్బలకు ముందు పళ్లు రెండు విరిగి నోట నెత్తురు కారుతోంది. బట్టలు చిరిగిపోయి ఉన్నాయి. తలగుడ్డ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు, ఎందుకంటే తెల్లవాళ్ల ముందు కూలీలు తలగుడ్డ తీయాలి. ఆ అలవాటు కొద్దీ గాంధీగారి ముందూ తీశాడు. ఆయన ముందుగా ఆ గుడ్డ తలకు కట్టుకోమన్నారు. తర్వాత అతణ్ణి ఆ యజమాని నుంచి విడిపించి వేరేచోటికి మార్పించారు.

1913లో సమ్మె చేసిన కూలీల మీద కాల్పులు జరిగాయి. జైలు నుంచి విడుదలైన గాంధీగారు తల గొరిగించుకుని, కూలీల బట్టలు కట్టి డర్బనులో సభకు వచ్చారు. 1915 జనవరిలో బొంబాయిలో దిగినప్పుడు కాఠియావాడు పంచె, అంగీ, పాగాతో దిగారు.

ఇక మదురై సంగతి. 1921లో విదేశీ బట్టలు మాని ఖద్దరు కట్టమని ఊరూరా చెబుతున్నారు. ఖుల్నాలో కరువు విన్నప్పుడే ఒంటిమీది బట్ట తగ్గించాలనిపించింది. సెప్టెంబరు 14న వాల్తేరు స్టేషనులో మౌలానా మహమ్మద్ అలీని తన కళ్లెదుటే అరెస్టు చేసినప్పుడు మళ్లీ అనిపించింది. రెండుసార్లూ వెనకాడారు. మదురైకి వస్తుంటే రైల్లో జనంతో మాట కలిపారు. ఖద్దరు కొనుక్కునే స్తోమత తమకు లేదని వాళ్లు చెప్పారు. తాను టోపీ, చొక్కా, నిండు పంచెతో కూర్చుని వాళ్లకేం జవాబు చెప్పాలి? సెప్టెంబరు 22న, మేలమాసి వీధిలోని బసలో నిశ్చయించుకున్నారు. ఇకనుంచి కొల్లాయి గుడ్డ, అవసరమైతే పైన ఒక దుప్పటి. ముందు అక్టోబరు నెలాఖరు వరకే అన్నారు. అది చివరి రోజు వరకు సాగింది. తనలాగే కట్టమని తోటివారిని మాత్రం అడగలేదు.

ఆ బట్టకూ ఎగతాళి తప్పలేదు. 1931లో వైస్రాయి మేడ మెట్లెక్కుతున్నందుకు చర్చిల్ ఆయనను ఫకీరు వేషగాడన్నట్టు వెక్కిరించారు. అదే ఏడాది నవంబరులో ఆయన ఆ కొల్లాయితో, దుప్పటితోనే లండను రాజమందిరంలో అయిదో జార్జిని కలిశారు.

అదంతా దొరల కాలం అని మనం తోసేయలేం. 2014లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఒకరిని పంచెతో వచ్చారని చెన్నైలో ఒక క్లబ్బు లోపలికి రానివ్వలేదు. ఆ ఏడాదే, పంచె కట్టినవారిని అలా అడ్డుకోకూడదని తమిళనాడులో చట్టం చేయాల్సివచ్చింది. క్లబ్బుకు చట్టం ఉంది. మన ఇంటి గుమ్మానికి, పెళ్లిపందిరికి చట్టమేమీ లేదు, మన బుద్ధే ఉండాలి. మన తాతలు ఈ పంచెతోనే పొలం దున్నారు, మగ్గం నేశారు, కొట్టు నడిపారు.

మదురైలో తముక్కం దగ్గర, మన రాణి మంగమ్మ పేరున్న మహల్లో గాంధీ స్మారక మ్యూజియం ఉంది. 1948 జనవరి 30న నెత్తురు అంటిన ఆయన బట్ట అక్కడే అద్దాల వెనక ఉంది. మీనాక్షమ్మ దర్శనానికి వెళ్లినప్పుడు పిల్లలను అక్కడికీ తీసుకువెళ్లండి. ఆ చిన్న గుడ్డ ముందు ఒక్క నిమిషం నిలబెట్టి, అది ఎవరిని చూసి కట్టుకున్నదో చెప్పండి. ఇంటికి వచ్చాక, లుంగీ కట్టుకుని గుమ్మం ముందుకు వచ్చిన మనిషికి వాళ్లచేతే కుర్చీ వేయించండి.